అంగన్వాడీ పంతులమ్మ నెవ్వరడిగిరి?

ఇటీవల మేము గోదావరి లంకలకు సమీపమున నున్న యొక చిన్న గ్రామమునకు బంధువుల యింటికి పోయియుంటిమి. ప్రొద్దున పదిగంటల వేళ ఆ వీధి చివర నున్న అంగన్వాడీ కేంద్రము ముందు నలుగురైదుగురు తల్లులు బిడ్డల నెత్తుకొని నిలిచియుండిరి. వారిలో నొక చిన్నది పురిటికి పుట్టింటికి వచ్చి, బిడ్డకు మూడవ నెల నడచుచున్నందున నింకను తల్లి యొద్దనే యున్నది. పంతులమ్మ తన చేతిలోని ఫోను నామె మొగమున కెదురుగా పట్టుకొని, "కొంచెం వెలుతురులోకి రామ్మా, ఒకసారి రెప్ప వెయ్యి" అనుచుండెను. మొగమును యంత్రము గుర్తుపట్టుట కంటె ముందు, ఆధారుతో ముడిపడిన ఫోనునకు సంఖ్య యొకటి వచ్చునట. ఆ సంఖ్య చెప్పినగాని పేరు చేర్పు పూర్తికాదు. ఆ ఫోను పెనిమిటి యొద్ద నున్నది. పెనిమిటి హైదరాబాదున, కట్టుచున్న మేడమీద నెక్కడనో పనిలో నున్నాడు. ఎన్నిమార్లు పిలిచినను పలుకలేదు. పప్పు, నూనె, పాలు, గ్రుడ్లు గదిలో మా కన్నుల యెదుటనే యున్నవి. ఆ బాలింతరాలు వట్టి సంచితో తిరిగిపోయినది.

ఆమె పోయిన పిమ్మట పంతులమ్మ మాతో ననిన మాట యిది: "పురిటికొచ్చిన పిల్ల దగ్గర మొగుడి ఫోనుంటుందాండీ? ఈ రూలు రాసేముందు మమ్మల్నొక్క మాట అడిగితే చెప్పేవాళ్లం కదండీ."

ఈ మాసము మేము వ్రాయదలచిన విషయమంతయు నా రెండు వాక్యములలోనే యున్నది.

నియమము చెడ్డదని మేమనుట లేదు. అంగన్వాడీల సరకు దారి తప్పినదనియు, లేని బిడ్డల పేర్లు పుస్తకముల కెక్కినవనియు నింద చిరకాలముగా నున్నదే. దానిని మాన్పుటకై కేంద్ర ప్రభుత్వమువారు 2021వ సంవత్సరమున పోషణ్ ట్రాకర్ అను ఫోను పద్ధతిని ప్రవేశపెట్టిరి. ఇంటికి తీసికొనిపోవు ఆహారమును మొగమును గుర్తుపట్టి యియ్యవలెనను కట్టడిని 2025 జూలై నుండి తప్పనిసరి గావించిరి. దొంగ లెక్కను పట్టుకొనుట మంచిదే. కాని కానుపునకు పుట్టింటికి పోవుట మన దేశమున నిన్న మొన్న పుట్టిన యాచారము కాదు గదా! ఏ ముత్తవ్వ నడిగినను చెప్పును. ఇంటిలో ఫోను ఒక్కటియే యున్నచో నది మగవాని జేబులో నుండుననియు నే పంతులమ్మ యైనను చెప్పును. ఈ రెండు సంగతులును తెలియుటకు పరిశోధన యక్కరలేదు, కమిటీ యక్కరలేదు. అడుగుట యొక్కటియే కావలెను.

ఆ పంతులమ్మ యెవరో మన చదువరులలో ననేకు లెరుగుదురు. పట్టణ గృహములలో నున్నవారి కొరకు నాలుగు మాటలు చెప్పెదము. 1975వ సంవత్సరము అక్టోబరు 2వ తేదీన దేశములో 33 చోట్ల ప్రారంభమైన శిశు సంరక్షణ పథకము నేడు దాదాపు 14 లక్షల కేంద్రములుగా వ్యాపించినది. ఒక్కొక్క కేంద్రమున నొక పంతులమ్మ, ఒక ఆయా. ఆరేండ్లలోపు బిడ్డలకు తిండి, ఆటపాటలతో చదువు, తూకము, టీకాలు. గర్భిణులకు బాలింతలకు ఆహారము, హితవు. ఇవన్నియు నా యిద్దరి మీదనే యున్నవి. ఇందుకు తోడు ఓటర్ల జాబితాలకు, సర్వేలకు, సభలకు మనుష్యులు కావలసివచ్చినపుడెల్ల అధికారుల చూపు మొదట పడునది వీరిమీదనే.

ఈమె యెరిగిన దేమి? పుస్తకములో నున్నదానికంటె చాల నెక్కువ యెరుగును. ఏ బిడ్డ తూకము తగ్గుచున్నదో పటము చెప్పును. ఏల తగ్గుచున్నదో పంతులమ్మ చెప్పును. తండ్రి త్రాగుడు మొదలుపెట్టెనా, తల్లి నాట్లకు పోవుటచే బిడ్డను ఎనిమిదేండ్ల యక్క సాకుచున్నదా, అవ్వ "జలుబు చేయు"నని గ్రుడ్డు పెట్టనీయకున్నదా, ఆ వివరమంతయు నామె మనస్సున నుండును. ఏ కోడలికి కేంద్రమునకు వచ్చుటకు అత్తగారి సెలవు కావలెనో యెరుగును. ఏ పేట వారు ఏ పేట వాకిట నడుగు పెట్టుటకు సంకోచింతురో, ఆ కారణముచే ఏ బిడ్డలు బడికి రాకున్నారో యెరుగును. వేసవిలో నొక్కమారే నెలకు సరిపడు గ్రుడ్లు దించిపోయినచో మూడవ వారమునకు నెన్ని మురుగునో ఆయా వ్రేళ్లమీద లెక్కపెట్టి చెప్పగలదు. ఇంతటి విద్య కలవారిని పిలిచి కూర్చుండబెట్టి యడుగుటకు మారుగా, నెలకొకమారు సెక్టారు సమావేశమునకు పిలిచి క్రొత్త యుత్తరువు చదివి వినిపింతురు. వచ్చునప్పుడు చేతిలో పుస్తకము. పోవునప్పుడు చేతిలో నింకొక పుస్తకము. ఫోను వచ్చినది గదా, పుస్తకములైనను తగ్గెనా యని మేమడిగితిమి. ఆమె నవ్వి, బీరువా తెరచి చూపెను.

ఇది సర్కారు వారికి మాత్రమే గల దోషము కాదని మనము కొంచెము సిగ్గుపడుచు నొప్పుకొనవలెను. మన వంటయిండ్లలోని పొయ్యిగట్టును చూడుడు. ఎన్ని యిండ్లలో నది వండు స్త్రీ మోచేతికి సరిపోవు నెత్తున నున్నది? ఇల్లు కట్టునపుడు యజమానియు మేస్త్రీయు నిలుచుండి, మేస్త్రీ నడుమును కొలతగా పెట్టుకొని గట్టు కట్టింతురు. ఆ గట్టుమీద గిన్నె నెత్తి దింపి యిరువదియేండ్లు భుజము నొప్పి పడునది యింకొకతె. మేస్త్రీ దుర్మార్గుడు కాడు, యజమాని కఠినుడు కాడు. "నీకెంత యెత్తు కావలె"నని యడుగుటకు వారికి తోచలేదు, అంతే. మా యింటి గట్టును అట్టిదే. ఇప్పుడు పగులగొట్టించుటకు మనసొప్పదు.

పనిచేయువారిని అడిగి పని నడపవలెనను తలంపు క్రొత్తది కాదు. మొదటి మహాయుద్ధ కాలమున, 1917లో, ఇంగ్లండున జాన్ హెన్రీ విట్లీ యనువాని యధ్యక్షతను గల సంఘము, యజమానులును పనివారును సమానముగా కూర్చుండి పని తీరులను చర్చించు సభ లుండవలెనని సూచించెను. 1919లో ఆ పద్ధతి ప్రభుత్వోద్యోగులకును వచ్చినది. ఒక ప్రక్క అధికారులు, ఒక ప్రక్క సిబ్బంది. ఆ విట్లీయే తరువాత మన దేశమునకు వచ్చి, 1929 మొదలు 1931 వరకు కార్మికుల స్థితిని విచారించిన రాజకీయ సంఘమునకు అధ్యక్షుడయ్యెను. అందు బెరిల్ పవర్ అను నొక స్త్రీ సభ్యురాలుగా నుండెనని మన చదువరులకు చెప్పుట మాకు సంతోషము.

స్వాతంత్ర్యము వచ్చిన 1947లోనే పారిశ్రామిక వివాదముల చట్టము, నూరుగురు పనివారున్న కర్మాగారమున ఉభయుల కమిటీ యుండవచ్చుననియు, అందు కార్మికుల సంఖ్య యజమాని వారికంటె తక్కువ కారాదనియు నేర్పరచినది. 1960లో కేంద్రోద్యోగుల సమ్మె జరిగిన పిమ్మట, 1966లో వారి కొరకు సంయుక్త సంప్రదింపుల యేర్పాటు వచ్చినది. విట్లీ పద్ధతియే దానికి మాతృక. 1976లో రాజ్యాంగమునకే 43ఏ అను నధికరణము చేర్చి, పరిశ్రమల నిర్వహణములో కార్మికులకు పాలు కల్పింపవలెనని వ్రాసికొంటిమి.

ఇన్ని తలుపులు తెరచితిమి గదా, అంగన్వాడీ పంతులమ్మ ఏ తలుపున లోనికి వచ్చును? ఏ తలుపునను రాలేదు. ఆమె కర్మాగారమున పనిచేయునది కాదు. కేంద్రోద్యోగియు కాదు, రాష్ట్రోద్యోగియు కాదు. ఆమె "గౌరవ" కార్యకర్త. ఆమెకిచ్చునది జీతము కాదు, "గౌరవ వేతనము". స్త్రీ చేయు పనికి వెల కట్టుటకు ఇష్టము లేనపుడు మనవారు దానికి గౌరవమని పేరు పెట్టుట ఇంటను చూచితిమి, కొలువునను చూచుచున్నాము. అంగన్వాడీ కార్యకర్త సివిలు పదవిలో నున్నది కాదని 2006లో సుప్రీము కోర్టు తీర్పు చెప్పెను. 2022 ఏప్రిలులో నా న్యాయస్థానమే, వీరు గ్రాట్యుటీకి అర్హులని చెప్పినది. మొదటి తీర్పున మూసిన తలుపు రెండవ తీర్పున కొంచెము సందిచ్చినది. కాని గ్రాట్యుటీ పని మానిన నాటి మాట. పనిచేయు నాటి మాట ఎవరడుగుదురు?

అడుగు చోటు లేనివారికి మిగిలినది వీధియే. 2021లో మహారాష్ట్రమున అంగన్వాడీ కార్యకర్తలు, తెలియని ఇంగ్లీషులో నడచు పద్ధతితో, చాలీచాలని శక్తిగల ఫోనులతో వేగలేక, సర్కారిచ్చిన ఫోనులను తీసికొనిపోయి సర్కారునకే తిరిగి యిచ్చివేసిరి. ఆంధ్రప్రదేశమున 2023 డిసెంబరు 12 మొదలు జీతము, గ్రాట్యుటీ మున్నగు కోరికలతో అంగన్వాడీలు సమ్మె చేసిరి. అత్యవసర సేవల చట్టమును ప్రయోగించినను వెనుకకు పోక, 42 దినములు వీధులలో కూర్చుండిరి. అన్ని దినములు బిడ్డల కేంద్రముల గతి యేమైనదో తల్లులైన మీరు తలచుకొనగలరు. సమ్మె తప్పా యొప్పా యని యిచ్చట విచారింపము. నెలకొక గంట కూర్చుండి వినుటకు తీరికలేని వారికి 42 దినముల తీరిక యెట్లు దొరికినదని మాత్రము మాకాశ్చర్యము.

పొరుగున తమిళనాడులో నడచిన యొక ప్రయత్నమును గూర్చి యిచ్చట కొంచెము విపులముగా చెప్పవలెను. ఈ శతాబ్దపు మొదటి యేండ్లలో అక్కడ ఘోరమైన వానకరవు వచ్చినది. పల్లెలకు మంచినీరిచ్చు సర్కారు బోర్డులో ఇంజనీరులు వేలకొలది బోర్లు వేసిరి, గొట్టములు పరచిరి. అయినను నీరు చాలలేదు, జనులకు బోర్డుపై నమ్మకమును చాలలేదు. 2003-04 ప్రాంతమున ఆ బోర్డులో నొక క్రొత్త అలవాటు పుట్టినది. దానికి వారు "కూడమ్" అని పేరు పెట్టుకొనిరి. కూడమనగా తమిళుల పాత యిండ్లలో నడుమ నుండు పెద్ద చావడి. మన మండువా యింటి నడిమి చోటు వంటిది. పెండ్లి మాటలు, పంపకములు, తగవులు, పురాణము అన్నియు నచ్చటనే. ఆ పేరుగల సమావేశములలో పెద్ద ఇంజనీరును చిన్న ఇంజనీరును గుండ్రముగా, హోదాను వాకిట విడిచివచ్చి కూర్చుండవలెను. మాటాడుట అందరి హక్కు. మాటాడినందుకు తరువాత నెవరును ఎవరిని బాధింపరాదు. మన మింతకాలము చేసినదేమి, నీరేల రాలేదు, తప్పు మనదెంత యను ప్రశ్నలతో మొదలుపెట్టిరి.

మొదట మాటలు వచ్చియుండవని మనము ఊహింపవచ్చును. మామగారి యెదుట కోడలిని "నీ అభిప్రాయ మేమమ్మా" యని హఠాత్తుగా నడిగినచో నేమి చెప్పును? తల వంచుకొనును. ఇరువదియేండ్లు "చిత్తము" తప్ప వేరుమాట పలుకని నోరు ఒక్క పూటలో తెరచుకొనదు. కాని తెరచుకొన్నది. అట్లు తెరచుకొన్న నోళ్లనుండి వచ్చిన తీర్మానములలో ముఖ్యమైనది, క్రొత్త పథకములు కట్టుటకు ముందు పాత పథకములను బాగుచేసికొనవలెనను మాట. క్రొత్త బోరునకు శంకుస్థాపన ఫలకము కలదు. పాత గొట్టమునకు అతుకు వేసినచో ఫలకము లేదు. ఫలకమక్కరలేని పని ముందు చేయుదమని పైనుండి యెవరు చెప్పగలరు? పిమ్మట ఆ ఇంజనీరులే పల్లెలకు పోయి, నీరెవరికి చేరుట లేదో యా వాడల వారితో, స్త్రీలతో కూర్చుండి మాటాడుటకు నేర్చుకొనిరి. తన మాట విన్నవారు గలవాడే యితరుల మాట వినుటకు ఓపిక తెచ్చుకొనగలడని మాకు తోచుచున్నది. ఈ తుదిమాట మా యభిప్రాయము.

"వీరి నడిగినచో జీతము తప్ప వేరు మాట చెప్పరు" అని యొక యధికారి మాతో ననిరి. మొదటి సమావేశమున జీతము మాటయే వచ్చును. ఆకలిగొన్నవానిని కవిత్వము మాటాడుమనిన మాటాడునా? రెండవ సమావేశమున గ్రుడ్ల మాట వచ్చును, మూడవదానిలో మొగము పట్టని ఫోను మాట వచ్చును. "లక్షలమందిని అడుగుట యెట్లు?" అను ప్రశ్నకు విలువ కలదు. కాని లక్షలమంది నొకచోట కూర్చుండబెట్టనక్కర లేదు. ఇరువది యిరువదియైదు కేంద్రములకొక పర్యవేక్షకురాలు ఇప్పుడే యున్నది. నెలకొక సమావేశమును జరుగుచునే యున్నది. ఆ సమావేశమున ఉత్తరువు చదువుటకు ముందు అరగంట పంతులమ్మలును ఆయాలును మాటాడవచ్చును. మాటాడినది వ్రాసికొనవలెను. మరుసటి నెల, దేని నంగీకరించిరో, దేనిని త్రోసిపుచ్చిరో, ఏల త్రోసిపుచ్చిరో చదివి వినిపింపవలెను. ఈ కడపటిది లేనిచో ముందటి రెండును వృథా. అడిగి సమాధానమియ్యకుండుట, అడుగకుండుట కంటెను మనస్సును ఎక్కువ విరుచును. ఇది కోడండ్రకు వేరుగ చెప్పవలసిన పని లేదు.

క్రొత్త నియమమును దేశమంతట నొక్క దినమున పెట్టుటకు మారుగా, ఏజన్సీ కొండలలో నొక కేంద్రమున, డెల్టాలో నొక కేంద్రమున, పట్టణపు బస్తీలో నొక కేంద్రమున మూడు నెలలు నడిపి చూచినచో, పురిటికి వచ్చిన పిల్ల సంగతి మొదటి వారముననే బయటపడి యుండెడిది.

కూర్చుండువా రెవరను ప్రశ్నయు నున్నది. ఇంగ్లండున విట్లీ సభలు నడచుచున్న కాలముననే, ఆ ప్రభుత్వపు కొలువులలో పెండ్లియైన స్త్రీ సామాన్యముగా నిలువరాదను నియమము 1946 వరకు సాగినది. బల్ల వేసినంత మాత్రమున ఎవరి కుర్చీ వారికి రాదు. ఆంధ్రప్రదేశమున గాని తెలంగాణమున గాని రేపు సభ యేర్పడినచో, సంఘముల నాయకులు వత్తురు, పర్యవేక్షకురాండ్రు వత్తురు, పంతులమ్మలును వత్తురు. ఆయా వచ్చునా? బిడ్డల ముక్కు తుడుచునది, అన్నము వండునది, ఇంటింటికి పోయి పిల్లలను పిలుచుకొని వచ్చునది ఆమెయే.

మేమా గ్రామమున మరునాడును ఉంటిమి. మధ్యాహ్నము కేంద్రమువైపు పోగా, నిన్నటి బాలింతరాలు బిడ్డను భుజాన వైచుకొని సంచి నిండుగా ఎదురువచ్చినది. లోపల పంతులమ్మ ఆశ్చర్యముతో ఆయావంక చూచుచుండెను. జరిగిన దేమనగా, ఆయా యా పిల్ల యుండు వీధిలోనిదే. మేడమీద పనిచేయు వారిని ఒంటిగంటకు అన్నమునకు క్రిందికి దింపుదురనియు, ఆ యరగంటలో మాత్రమే యల్లుడు ఫోను తీయుననియు నామె యెరుగును. ఒంటిగంటకు పిలిపించినది, అతడు పలికి సంఖ్య చెప్పినాడు, పని రెండు నిమిషములలో ముగిసినది.

"నెల్లాళ్లనుంచీ నేను ప్రొద్దుటే చేసి చేసి చస్తున్నానే! ఈ మాట ముందే చెప్పకూడదూ పిన్నీ?" అని పంతులమ్మ యడిగెను.

ఆయా గిన్నెలు కడుగుట మానకయే, "మీరు నన్నడగలేదు కదమ్మా" అనెను.